పాలు ఎవరి పాలు?

శామీర్‌పేట చెరువు కట్ట మీద సాయంత్రం పూట నడవడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. ఆదివారం నగరం నుంచి వచ్చే కార్లతో ఊపిరాడదు గనుక ఆ ఒక్క రోజూ మానేస్తాను. క్రిందటి చలికాలంలో ఒకనాడు నాతోపాటు మా వీధి కోడలు కూడా బయలుదేరింది. వయసు ఇరవై ఏడు. పుట్టిల్లు మేడ్చల్, బస్సెక్కితే గంట పట్టదు. తొలికాన్పుకి అక్కడికి వెళ్లి, బిడ్డకి ఐదో నెల వచ్చాక తిరిగి వచ్చింది. నన్ను చిన్నమ్మా అని పిలుస్తుంది. రక్త సంబంధమేమీ లేదు, ఎదురిల్లు కావడమే సంబంధం.

కట్ట సగం దాటాక అంది: "చిన్నమ్మా, ఒక మాట అడగాలె. నువ్వు పుస్తకాలు సదువుతవు గద, నీకు తెలుస్తది. నవ్వద్దు మల్ల."

నవ్వనని మాటిచ్చాను. చెరువు వైపు చూస్తూ, చుట్టు తిప్పి చుట్టు తిప్పి చెప్పింది. బిడ్డ నిద్రపోయాక ఒక రాత్రి ఆమె భర్త కుతూహలం కొద్దీ ఆమె పాలు రుచి చూశాడట. తరువాత మళ్లీ అడిగాడట. ఇప్పుడది వారిద్దరి మధ్యా ఒక అలవాటు అయింది. ఆమె ఫిర్యాదు చేయడానికి వచ్చిందని నేననుకున్నాను. కాదు. "నాక్కూడ మంచిగనే అనిపిస్తది చిన్నమ్మా. గదే నా భయం" అంది. ఆపైన మూడు ప్రశ్నలు అడిగింది. బిడ్డకి పాలు తక్కువ పడతాయా? ఇది ఏదైనా జబ్బా? పెండ్లాం పాలు తాగితే ఆమె తల్లి వరస అవుతుందని ముసలివాళ్లంటారు, నిజమేనా?

ఆ పూట నా దగ్గర సమాధానం లేదు. డాక్టరమ్మని అడగమన్నాను. "ఆమె ముందల నోరు తెరుస్తనా నేను?" అంది. తెరవదని నాకూ తెలుసు. అందువల్ల నేనే నెల రోజులు చదివాను, ఇద్దరు వైద్యుల్ని వాళ్ల ముఖాలు చూడకుండా ఫోనులో అడిగాను (ముఖం చూసి అడిగే ధైర్యం నాకూ లేకపోయింది, ఒప్పుకుంటున్నాను). ఆమె అనుమతితో, ఆనవాళ్లు చెరిపి, తెలుసుకున్నదీ నాకు తోచిందీ ఇక్కడ రాస్తున్నాను. ఇబ్బందిగా ఉన్నవారు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

ముందు పేరు సంగతి. ఈ కోరికకు తెలుగులో పేరు లేదు. ఇంగ్లీషువాళ్లు ఇటువంటివాటిని 'ఫెటిష్' అన్న గంపలో వేస్తారు. పోర్చుగీసు నావికులు ఆఫ్రికా తీరంలో చూసిన తాయెత్తుల్ని పిలిచిన మాట అది. ఆల్ఫ్రెడ్ బినే అనే ఫ్రెంచి మనస్తత్వవేత్త 1887లో దాన్ని కామానికి అంటగట్టాడు. తెలివితేటల్ని కొలిచే పరీక్షకు ఆద్యుడు కూడా ఈయనే. పాలు లేకపోయినా, ఉన్నా, దీన్ని ఒక నియమంగా పాటించే జంటలు తమ బంధాన్ని 'అడల్ట్ నర్సింగ్ రిలేషన్‌షిప్' అని చెప్పుకుంటారు. మనకు పేరు లేదు కనుక మన దగ్గర ఈ సంగతే లేదని అనుకోవడం పొరపాటు. పేరు పెట్టకముందు కూడా జ్వరానికి ఒళ్లు కాలేది. అలాగని ఇది జ్వరం కూడా కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 అసాధారణమైన కోరికనూ, రుగ్మతనూ వేరు చేసింది. కోరిక వల్ల ఆ మనిషికి యాతన గానీ, ఎదుటివారికి హాని గానీ ఉంటేనే, లేదా ఒప్పుకోనివారి మీద దాన్ని రుద్దితేనే రుగ్మత. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా, ఐసీడీ-11, ఫెటిషిజాన్ని రోగాల పట్టీలోంచి తీసేసింది.

సాహిత్యం వైపు చూస్తే విచిత్రంగా ఉంటుంది. పెద్దవాడు స్త్రీ రొమ్ము దగ్గరికి రావడాన్ని పాశ్చాత్యులు రెండు వేల ఏళ్లుగా రాస్తూనే, గీస్తూనే ఉన్నారు. చెరసాలలో ఆకలితో చచ్చిపోతున్న తండ్రికి కూతురు దొంగచాటుగా పాలిచ్చి బ్రతికించిన కథ వెలేరియస్ మాక్సిమస్ రాసిన రోమన్ గాథల్లో ఉంది. కారవాజ్జో 1607లో దయాకార్యాల చిత్రంలో ఆ కూతుర్ని గీశాడు. రూబెన్స్ కూడా గీశాడు. స్టైన్‌బెక్ తన 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' (1939) నవలను సరిగ్గా అక్కడే ముగించాడు: చచ్చిన బిడ్డను కన్న అమ్మాయి, ఆకలితో పడివున్న అపరిచితుడికి పాలిస్తుంది. ఇన్ని చోట్లా పురుషుడికి లోపలికి రావడానికి ఆకలి అనే అనుమతిపత్రం కావాలి. అది చూపిస్తే దయ. చూపించకపోతే బూతు.

మొపాసా ఒక్కడే కొంచెం తేడాగా రాశాడు. 1884 నాటి 'ఇడిల్' అన్న చిన్న కథ. ఇటలీ నుంచి ఫ్రాన్సు వెళ్లే రైలు పెట్టెలో ఒక పాలదాదీ, రెండు రోజులుగా తిండి లేని ఒక కుర్రాడూ. బిడ్డకు పాలిచ్చి ఒక రోజు దాటిపోయింది, ఆమెకు రొమ్ములు బిగుసుకుపోయి ప్రాణం పోతోంది. కుర్రాడు సాయం చేస్తాడు. చివర్లో ఇద్దరూ ఒకరికొకరు కృతజ్ఞతలు చెప్పుకుంటారు. నాకు ఆ కథ నచ్చింది ఇందుకే: అక్కడ ఆమె శరీరానికి కూడా ఒక అవసరం ఉంది, అది కథలో లెక్కకు వచ్చింది.

ఇక మనం. మన కావ్యాల్లో స్తనవర్ణన లేని సర్గని దీపం పెట్టి వెతకాలి. అయినా ఒక స్త్రీ తన కోరికను తనే చెప్పుకుంటే ఏమయిందో ముద్దుపళని చరిత్ర చెబుతుంది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో 'రాధికా సాంత్వనము'ని శుద్ధప్రతిగా అచ్చు వేయిస్తే దొరతనం వారు నిషేధించారు. అంతకుముందే వీరేశలింగం గారంతటి సంస్కర్తకు ఆ కావ్యం రోత పుట్టించింది. నిషేధం తొలగడానికి 1947 వరకూ, ప్రకాశం పంతులు గారి దాకా ఆగవలసి వచ్చింది. వర్ణించబడటానికి అభ్యంతరం లేదు, మాట్లాడటానికే అభ్యంతరం. మా వీధి అమ్మాయి చెరువు వైపు చూస్తూ మాట్లాడటానికీ దీనికీ సంబంధం లేదంటారా?

వరస సంగతి తొందరగా తేల్చేస్తాను. ఇది మన పల్లెల్లో ముసలమ్మల ఎకసెక్కం మాత్రమే కాదు. ముస్లిం ధర్మశాస్త్రంలో పాల బంధుత్వం నిజంగానే ఉంది, ఒకే తల్లి పాలు తాగిన పిల్లలు తోబుట్టువులవుతారు. కానీ అది శైశవంలో తాగిన పాలకే వర్తిస్తుందనీ, భార్య పాలు భర్త నోట పడినంత మాత్రాన నికాహ్ చెడదనీ అధిక సంఖ్యాక శాస్త్రకారుల మాట. 2007లో కైరోలో అల్ అజహర్ ఆచార్యుడొకాయన, ఒకే గదిలో పనిచేసే ఆడ, మగ ఉద్యోగులు ఈ పద్ధతిలో వరస కలుపుకోవచ్చునని సెలవిస్తే, దేశమంతా గగ్గోలెత్తి విశ్వవిద్యాలయం ఆయన్ని పక్కన పెట్టింది. మొత్తానికి అటు శాస్త్రం వల్లా ఇటు లోకం వల్లా భార్య తల్లి కాదు. పాలు వరసని మార్చవు.

అసలు విషయం శరీరానిది. మేడ్చల్ పరిసరాల్లో గేదెలున్న ఇళ్లలో పెరిగినవారికి 'చేపు' అన్న మాట తెలిసే ఉంటుంది. దూడని వదిలి నాలుగు గుటకలు తాగనిస్తే గేదె చేపుతుంది, అప్పుడు పాలు దిగుతాయి. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కుక్కి ముందు నిలబెట్టేవాళ్లు. ఆ ఓపిక కూడా లేనివాళ్లు సూది పొడవడం మొదలుపెట్టారు. ఆ సూదిలో మందు పేరు ఆక్సిటోసిన్. తల్లికి కూడా చేపు తెచ్చేది అదే. బిడ్డ ఏడుపు వినిపిస్తే చాలు, మెదడు దాన్ని వదులుతుంది. దాంపత్య సుఖంలోనూ అదే పదార్థం ఊరుతుంది. కాబట్టి ఆ సమయంలో పాలు కారడం పాలిచ్చే తల్లుల్లో మామూలు. పాలిచ్చేటప్పుడు హాయిగా అనిపించడం కూడా మామూలే. కొందరికి ఆ హాయిలో కామం ఛాయ ఉంటుంది, కొందరికి ఉండదు, మరికొందరికి ఆ నెలల్లో ఎవరూ ముట్టుకోకుండా ఉంటే చాలనిపిస్తుంది. ఈ మూడూ ఆరోగ్యమే. ఎన్ని వేలమంది తల్లులు ఈ చిన్న ముక్క తెలియక తమని తాము పాపాత్మురాళ్లమనుకుంటున్నారో.

బిడ్డకి తక్కువ పడతాయా అంటే, రొమ్ము కుండ కాదు, ఊట. తోడుకున్న కొద్దీ ఊరుతుంది. అయితే ఊటకూ ఒక క్రమం ఉంది. ముందు బిడ్డ. కాన్పయిన తొలి రోజుల ముర్రుపాలు చెంచాల లెక్కలో వస్తాయి, అవి పూర్తిగా బిడ్డవే. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకి తల్లిపాలు తప్ప మరేమీ పెట్టవద్దనీ, రెండేళ్లు దాటినా ఇవ్వవచ్చుననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బిడ్డ బరువు పెరుగుతూ, రోజుకి ఆరు దఫాలైనా గుడ్డలు తడుపుతున్నంతకాలం భయం లేదు. తెలుగులో 'పాలు' అంటే వాటా కూడా. బిడ్డ పాలు బిడ్డకి ముట్టాక మిగిలిన సంగతి ఇద్దరు పెద్దవాళ్లది. అలాగని అతిగా తోడినా చిక్కే: ఊట మరీ పెరిగిపోతుంది, నాళాలు పూడుకుపోతాయి, రొమ్ము ఎర్రబడి జ్వరం వస్తుంది. మానేటప్పుడు కూడా ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా మానాలి.

మగవాడి నోటి సంగతి ఎవరూ చెప్పరు గనుక నేను చెబుతాను. పెదవి మీద జ్వరపు పొక్కులున్నవాడు ఆ నాళ్లలో దూరంగా ఉండాలి. ఆ హెర్పిస్ రొమ్ముకి అంటి, అక్కడినుంచి పసిగుడ్డుకి చేరితే ప్రాణాంతకం. గుట్కా, పొగాకు నమిలే నోటికి అసలు ప్రవేశమే ఉండకూడదు. మొన పగిలి నెత్తురు వస్తుంటే మానేదాకా ఆగాలి, పళ్లు తగలకూడదు. మరో వైపు, హెచ్ఐవీ పాలలోంచి సంక్రమిస్తుంది కాబట్టి ఇద్దరి రక్తపరీక్షలూ తెలిసి ఉండాలి. హెపటైటిస్ బి ముఖ్యంగా నెత్తుటి ద్వారా వస్తుంది, దానికి టీకా ఉంది. అన్నట్టు, మన దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా 1997లో వచ్చింది మా మేడ్చల్ నుంచే, శాంతా బయోటెక్నిక్స్‌లోంచి. 'హాసం' పత్రికను నడిపిన వరప్రసాద్ రెడ్డి గారు స్థాపించిన సంస్థ అది. సాహిత్యానికీ టీకాకీ ఒకే మనిషి చేయి తగలడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

గర్భవతిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా నెలలు నిండకుండా నొప్పులు వచ్చే ప్రమాదం ఉన్నవారు ఈ జోలికి పోకూడదు, ఆ ప్రేరణ గర్భాశయాన్ని కదిలిస్తుంది. ఇక కాన్పు లేకుండానే పాలు రప్పించుకోవాలనుకునే జంటలున్నారు. అది సాధ్యమే, దత్తత తీసుకున్న తల్లులు వారాలూ నెలలూ ఓపికగా చేసే పని అది. దాని కోసం కొందరు డాంపెరిడోన్ మాత్రలు మింగుతారు. వాంతులకి మన ఇళ్లలో విరివిగా వాడే మందే. కానీ ఎక్కువ మోతాదులో గుండె లయ తప్పిస్తుంది. ఈ వాడకం వద్దని అమెరికా ఔషధ శాఖ 2004లోనే హెచ్చరించింది. డాక్టరుకు తెలియకుండా దీన్ని మింగవద్దు. ఏ ప్రయత్నమూ లేకుండా, కాన్పు లేకుండా పాలు కారితే సరదాపడకుండా ప్రొలాక్టిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. నెత్తురు కారితే, గడ్డ తగిలితే ఆ రోజే వెళ్లాలి.

కొనుక్కునే పాల సంగతి వేరు. 2024 మే 24న ఆహార భద్రతా సంస్థ మనిషి పాల వ్యాపారం చట్టవిరుద్ధమని ప్రకటించింది. వారం తిరగకుండా చెన్నై మాధవరంలో ఒక ప్రొటీన్ పొడుల దుకాణంలో తల్లిపాల సీసాలు దొరికాయి. ఎవరి పాలో, ఎవరి బిడ్డ వాటాలో! ముంబయి సయన్ ఆసుపత్రిలో 1989లో పెట్టిన పాల బ్యాంకు మొదలుకొని, 2017లో మన నీలోఫర్ ఆసుపత్రిలో మొదలైన 'ధాత్రి' దాకా, తల్లులు ఉచితంగా ఇచ్చిన పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట కాచి నెలలు నిండని పసివాళ్లకి పడతారు. మిగిలే పాలున్న తల్లి వాటికి దారి చూపించాలనుకుంటే ఆ దారి ఉంది. కోరిక తీర్చుకోవడానికి ఒక పేదరాలి దగ్గర కొనడాన్ని మాత్రం నేను ఏ వాదంతోనూ సమర్థించలేను.

ఇప్పుడు నన్ను అసలు రాయించిన మాట. ముప్పై ఏళ్ల క్రితం నాతో పనిచేసిన ఒక ఉపాధ్యాయిని ఉండేది. ఒక రోజు మధ్యాహ్నం అందరూ వెళ్లాక బల్ల మీద తల ఆన్చి ఏడ్చింది. ఆమె భర్తకీ ఇదే కోరిక. అతను అడగలేదు. పక్కనే ఉయ్యాలలో బిడ్డ ఏడుస్తుంటే లేవనిచ్చేవాడు కాదట. "పాడి గేదెకైనా కొమ్ములుంటాయి" అంది. అప్పుడు నేను అతన్ని పశువన్నాను, అతని కోరిక పశుత్వమన్నాను. నెల రోజులు చదివాక ఇప్పుడు తెలుస్తోంది, నేను తిట్టవలసినదాన్ని వదిలి వేరేదాన్ని తిట్టాను. అతని తప్పు ఆ కోరిక కాదు. ఆమె వద్దన్నది అతనికి వినబడకపోవడం. అదే పని మా వీధి అమ్మాయికి హాయి, ఆ ఉపాధ్యాయినికి నరకం. బయటినుంచి చూసే మన నీతికి రెండూ ఒకే రోతగా కనబడతాయి, అందుకే మన నీతి ఆ రెండో ఆమెకి ఎందుకూ పనికి రాలేదు. ఆమె చెప్పుకోలేకపోయింది మరి. చెప్పుకుంటే అతని పరువుతోపాటు తన పరువు కూడా పోతుంది.

"ఇద్దరికీ ఇష్టమైతే సరే" అని ఒక్క ముక్కలో తేల్చేసే ఆధునికులతోనూ నాకు పేచీ ఉంది. ఐదు నెలల బాలింత ఇష్టం ఎంత తేలికైన వస్తువనుకున్నారు? నిద్ర ఉండదు. అత్తవారిల్లు. చేతిలో సొంత డబ్బు ఉండకపోవచ్చు. పాలిచ్చే నెలల్లో శరీరం పొడిబారి దాంపత్యమే నొప్పిగా ఉంటుంది, అందుకు బదులుగా దీనికి ఊఁ అనేవాళ్లూ ఉంటారు. కాబట్టి నిన్నటి ఊఁ ఇవాళ్టికి చెల్లదు. అడిగేది అర్ధరాత్రి చీకట్లో కాక పగటిపూట, బిడ్డ ఆమె ఒళ్లో లేనప్పుడు, వద్దంటే ముఖం మాడ్చుకోకుండా అడగాలి. ఆమె కోరి, అతనికి ఇష్టం లేకపోయినా ఇదే సూత్రం. మగవాళ్లకి రోతలు ఉండవనుకోవద్దు.

చట్టమా? మా శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, వాళ్లు నాకంటే బాగా చెబుతారు. ఇద్దరు వయోజనుల పడకగది వాళ్ల సొంతమన్నది 2017 నాటి పుట్టస్వామి తీర్పులోని గోప్యతా హక్కు. ఆ గదిలో భార్య వద్దన్న మాటకి విలువ మాత్రం ఇంకా సగమే: 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో కూడా భర్తకి పాత మినహాయింపు అలాగే ఉంది. 2005 గృహహింస చట్టం లైంగిక హింసని గుర్తించింది గనుక ఆ దారి ఉంది. ముప్పై ఏళ్ల కిందట నా సహోద్యోగినికి అది కూడా లేదు.

మాతృత్వ పవిత్రతకి భంగమనే పెద్దలకి ఒక్క ప్రశ్న. 2018 మార్చిలో 'గృహలక్ష్మి' అనే మలయాళ పత్రిక ముఖచిత్రం మీద బిడ్డకు పాలిస్తున్న స్త్రీని వేస్తే అశ్లీలమని కోర్టుకి వెళ్లింది కూడా పవిత్రత పేరు మీదనే కదా? కేరళ హైకోర్టుకి అందులో అశ్లీలం కనిపించలేదు. భర్తకివ్వడం అపవిత్రం, బిడ్డకి నలుగురిలో ఇవ్వడమూ అపవిత్రం. మరి ఆ రొమ్ము ఎవరి పాలు? ఆమె పాలు అని మాత్రం ఎవరూ అనరు.

మొన్న మళ్లీ ఆ అమ్మాయీ నేనూ కట్ట మీదికి వెళ్లాం. చదివిందంతా చెప్పాను. హెర్పిస్ అన్నప్పుడు భయపడింది, వరస చెడదన్నప్పుడు నవ్వింది. కొంతదూరం మాట్లాడకుండా నడిచి, "మరి నాకు ఇష్టం లేని రోజు?" అంది.

"వద్దని చెప్పు."

"కోపం తెచ్చుకుంటడా?"

"నాకేం తెలుసు? నీకే తెలియాలి."

ఆగి ఆలోచించింది. చాలాసేపే ఆలోచించింది. "తెచ్చుకోడు" అంది చివరికి. "అలుగుతడు. జెరసేపు." అంతలో ఆమె ఫోను మోగింది, అవతల అత్తగారు. ఆవిడ మాటల వెనక బిడ్డ ఏడుపు సన్నగా నాకు కూడా వినిపించింది. అమ్మాయి చటుక్కున చున్నీ ముందుకు లాక్కుంది.

"చేపుకొచ్చినయ్. పోదాం పా చిన్నమ్మా, జల్ది."